హామ్ రేడియో ముచ్చట్లు: పొట్టి ఏరియలా, పొడుగు ఏరియలా?

మన సంఘం పిల్లలు హామ్ రేడియో పరీక్షకు చదువుతూ, "అంకుల్, చేతిసెట్టుకి ఏ ఏరియల్ కొనాలి?" అని నన్నడుగుతున్నారు.

ఇక్కడ బ్రిటన్‌లో రెండు మీటర్ల బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. ఆ తరంగంలో పావు వంతు సుమారు 50 సెంటీమీటర్లు. ఏరియల్ అంత ఉంటే మేలు. సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు ఏరియల్లో తీగను చుట్టలుగా చుట్టి కుదిస్తారు. జేబులో పడుతుంది గాని శక్తి కొంత వృథా. "పిట్ట కొంచెం, కూత ఘనం" ఇక్కడ చెల్లదు!

ఊళ్లో రిపీటరు దగ్గరుంటే పొట్టిదే చాలు. వేల్స్ కొండలెక్కేవారు మాత్రం వంగే పొడుగు ఏరియల్ సంచిలో పెట్టుకోండి. పవరు పెంచితే మన మాటే దూరం వెళుతుంది. మంచి ఏరియల్‌తో అవతలివారి మాట కూడా బాగా వినిపిస్తుంది. మొబైల్ అందని చోట ఆ వినికిడే ధైర్యం.