ఊరు రాత్రే దాటండి.. నిద్ర సంగతి తర్వాత!

‘‘అన్నా, ఈడబ్ల్యూఆర్ అంటే జేఎఫ్‌కేలోనే ఇంకో టెర్మినలా?’’

ఓ రాత్రి పదకొండింటికి మా జూనియర్ ఒకడు వాట్సాప్‌లో అడిగిన ప్రశ్న ఇది. గుంటూరు దగ్గర పల్లెటూరు. ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని ఎంఎస్‌కు వెళ్తున్నాడు. టికెట్లు ఓ ఏజెంటు బుక్ చేశాడు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా న్యూయార్క్ జేఎఫ్‌కేకు ఒకటి. మర్నాడు పొద్దున ఏడుంపావుకు యూనివర్సిటీ ఉన్న ఊరికి ఇంకొకటి. ఆ రెండో టికెట్ మీద బయల్దేరే చోటు ఈడబ్ల్యూఆర్ అని ఉంది. ‘‘రెండూ న్యూయార్కే. మధ్యలో రాత్రంతా టైముంది. తొమ్మిది వేలు మిగిలాయి’’ అని ఏజెంటు చెప్పాడట. వాళ్ల నాన్న కూడా సంబరపడ్డారట.

ఈడబ్ల్యూఆర్ టెర్మినల్ కాదు. నిజానికి అది న్యూయార్క్ రాష్ట్రంలోనే లేదు. పక్కనున్న న్యూజెర్సీలోని నెవార్క్ విమానాశ్రయం కోడ్ అది. జేఎఫ్‌కే నుంచి రోడ్డు మీద దాదాపు 50 కిలోమీటర్లు. మధ్యలో ఓ మహానగరం, నదులు, టోల్ గేట్లు. చేతిలో 23 కేజీల సూట్‌కేసులు రెండు. దిగేది జీవితంలో మొదటిసారి చూస్తున్న దేశంలో, అదీ రాత్రి పూట.

ఇలాంటి టికెట్ల మీద నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. కేవలం డబ్బు మిగులుతుందని ఇవి కొనొద్దు. ఇప్పటికే కొనేసి ఉంటే మాత్రం దిగిన రాత్రే ఊరు దాటి, రెండో ఎయిర్‌పోర్ట్ దగ్గర పడుకోండి. రాత్రి ఆలస్యమైతే కరిగిపోయేది మీ నిద్ర. పొద్దున ఆలస్యమైతే చేజారేది ఫ్లైట్.

ఒకే ఊరు.. మూడు విమానాశ్రయాలు

టికెట్లు వెతికే సైట్లలో న్యూయార్క్ అని కొడితే ఎన్‌వైసీ అనే ఒకే కోడ్ కింద జేఎఫ్‌కే, లాగార్డియా, నెవార్క్ మూడూ కలిపి చూపిస్తాయి. సైట్ దృష్టిలో అవి ఒకే ఊరు. మనకు మాత్రం మూడు వేర్వేరు చోట్లు. ఈ మూడింటినీ నడిపే సంస్థ ఒకటే అయినా, ఒకదాని నుంచి ఇంకోదానికి నేరుగా వెళ్లే రైలు లేదు.

మరి జేఎఫ్‌కేలో దిగి ఇంకోచోట ఎక్కాల్సిన అవసరం ఎందుకొస్తుంది? లాగార్డియాలో ఇమిగ్రేషన్, కస్టమ్స్ సదుపాయం లేదు. కాబట్టి మన వైపు నుంచి వచ్చే విమానాలు అక్కడ దిగలేవు. పైగా 1,500 మైళ్లకు మించిన దూరానికి అక్కడి నుంచి విమానాలు నడపకూడదనే నిబంధన 1984 నుంచీ ఉంది. శనివారాలకు, డెన్వర్‌కు మాత్రమే మినహాయింపు. అందుకే దేశంలో దగ్గరి ఊళ్లకు వెళ్లే విమానాలు లాగార్డియా నుంచి ఎక్కువ. విదేశాల నుంచి వచ్చేవాళ్లు జేఎఫ్‌కేలోనో నెవార్క్‌లోనో దిగాలి. అక్కడి నుంచి చవగ్గా కనిపించే విమానం ఇంకోచోట ఉంటుంది. ఏజెంటు ఆ రెండింటినీ అతికిస్తాడు. అతుకు దగ్గర ఇబ్బంది పడేది మాత్రం మనమే.

మిగిలిందెంత.. పోయేదెంత?

‘తొమ్మిది వేలంటే మా ఇంట్లో ఓ నెల ఖర్చు’ అని మీరనొచ్చు. నిజమే. లోన్ మీద వెళ్తున్నవాడికి ప్రతి వెయ్యీ విలువైనదే. అందుకే లెక్క మొత్తం వేయమంటున్నాను. సులువుగా ఉండేందుకు డాలర్‌ను 90 రూపాయలనుకుందాం.

మొదటి ఖర్చు లగేజీ. అంతర్జాతీయ టికెట్ మీద రెండు సూట్‌కేసులు ఉచితంగా వచ్చాయి కదా అని ధీమాగా ఉంటాం. రెండో టికెట్ విడిగా కొంటే ఆ ఉచితం జేఎఫ్‌కేతో సరి. అమెరికా లోపలి విమానాల్లో ఒక్కో సూట్‌కేసుకు సుమారు 35 నుంచి 50 డాలర్ల దాకా తీసుకుంటారు. రెండింటికి 80 అనుకోండి. రెండో ఖర్చు ప్రయాణం. రైళ్లలో వెళ్తే 30 డాలర్లకు అటూఇటుగా కావచ్చు. క్యాబ్ ఎక్కితే టోల్‌తో కలిపి వంద దాటడం మామూలే. మూడోది ఒక రాత్రి గది. విమానాశ్రయం చుట్టుపక్కల మామూలు హోటల్‌కే 150 డాలర్లు పెట్టాల్సి రావచ్చు. అన్నీ కలిపితే రైల్లో వెళ్లినా 260 డాలర్లు. అంటే 23 వేల రూపాయల పైనే. మిగిలిన తొమ్మిది వేల కోసం ఖర్చయ్యేది ఇది!

ఈ లెక్కలోకి రానిది ఇంకోటుంది. రెండు ప్రయాణాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి విమానంలో సీటు చూసే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. విడివిడి టికెట్లయితే రెండో ఎయిర్‌లైన్‌కు మీరు కేవలం రాని ప్రయాణికుడు. కొత్త టికెట్ డబ్బు మీ జేబులోంచే. బుక్ చేసేముందు ఏజెంటును ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ‘‘మొత్తానికి పీఎన్ఆర్ ఒకటేనా, రెండా?’’ జవాబు నానుస్తున్నాడంటే రెండని అర్థం.

ఇలాంటి టికెట్లన్నీ చెడ్డవే అనను. జేఎఫ్‌కే నుంచి లాగార్డియాకు దూరం తక్కువ. రెండూ క్వీన్స్ ప్రాంతంలోనే ఉన్నాయి. ఎయిర్‌ట్రైన్‌లో జమైకా స్టేషన్, అక్కడ ‘ఈ’ సబ్‌వే రైలెక్కి జాక్సన్ హైట్స్, అక్కడి నుంచి క్యూ70 బస్సు. ఈ బస్సుకు టికెట్ కూడా లేదు. మొత్తం 12 డాలర్లకు అటూఇటుగా అయిపోతుంది. జాక్సన్ హైట్స్‌లో మన దేశపు హోటళ్లు, కిరాణా కొట్లు బోలెడు. బ్యాగు ఒకటే ఉండి, పగటి పూట అయితే ఇది పెద్ద కష్టం కాదు. రెండు పెద్ద సూట్‌కేసులతో, రాత్రి పూట, నెవార్క్‌కు అంటేనే నా అభ్యంతరం.

నేను చేసిన తప్పు

ఈ మాటలన్నీ తెలివితో చెబుతున్నవి కావు, దెబ్బ తిని చెబుతున్నవి. నేను వెళ్లినప్పుడూ ఇదే దారి. రాత్రి తొమ్మిదికి జేఎఫ్‌కేలో దిగాను. పొద్దున ఏడింటికి నెవార్క్‌లో విమానం. ‘పది గంటలుంది, గదికి డబ్బెందుకు దండగ’ అనుకుని కుర్చీలో కూర్చున్నాను. పెద్ద సూట్‌కేసులతో సెక్యూరిటీ దాటి లోపలికి పోనివ్వరు కదా. రాత్రంతా బయటి హాల్లోనే కాపలా. బాత్రూమ్‌కు వెళ్లాలన్నా ట్రాలీతో సహా వెళ్లాల్సిందే.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి బయల్దేరాను. జమైకా దాకా ఎయిర్‌ట్రైన్, అక్కడి నుంచి పెన్ స్టేషన్. అక్కడ న్యూజెర్సీ రైలు కోసం ఎదురుచూపులు. నెవార్క్‌లో కౌంటర్ దగ్గరికి పరుగెత్తేసరికి ఆరుంబావు దాటింది. విమానం ఇంకా అక్కడే ఉంది. లగేజీ తీసుకునే గడువు మాత్రం అయిదు నిమిషాల కిందటే ముగిసింది. కొత్త టికెట్‌కు పెట్టిన డబ్బు నా మొదటి నెల తిండి ఖర్చు. ఓరియెంటేషన్ మొదటి రోజు పోయింది. క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగాల వివరాలు చెప్పింది ఆ రోజే అని తర్వాత తెలిసింది.

నా దగ్గర పది గంటలున్నాయి. అందులో ఏడు అక్కర్లేని చోట ఖర్చు చేసి, అవసరమైన చోటికి మూడే మిగుల్చుకున్నాను. నా పొరపాటు అదే.

వెళ్లక తప్పకపోతే.. ఇలా

జూనియర్‌కు టికెట్ రద్దు చేసుకునే వీలు లేదు. ఆ రాత్రే ఫోన్లో కూర్చుని ప్లాన్ వేశాం. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మామూలుగా అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్, లగేజీ తీసుకోవడం, కస్టమ్స్ అన్నీ పూర్తి చేయాలి. దీనికి రెండు గంటలు పక్కన పెట్టండి. పాస్‌పోర్ట్, ఐ-20, అడ్మిషన్ లెటర్, లోన్ కాగితాలు చేతిలో ఉండే బ్యాగులోనే ఉండాలి. హోటల్ చిరునామా కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్‌ను నమ్ముకోవద్దు.

జేఎఫ్‌కే నుంచి ఎయిర్‌ట్రైన్‌లో జమైకా వెళ్లాలి. చార్జీ ఎనిమిది డాలర్ల పైన. అక్కడ లాంగ్ ఐలాండ్ రైలు ఎక్కితే ఇరవై నిమిషాల్లో మన్‌హటన్‌లోని పెన్ స్టేషన్. అదే స్టేషన్లో న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు పట్టుకోవాలి. ఇక్కడో తిరకాసు ఉంది. న్యూయార్క్ పెన్ స్టేషన్ ఒకటి, నెవార్క్ పెన్ స్టేషన్ ఇంకొకటి. రైల్లో అనౌన్స్‌మెంట్ వినగానే చాలామంది నెవార్క్ పెన్‌లో దిగిపోతారు. మీరు దిగాల్సింది ఆ తర్వాత వచ్చే ‘నెవార్క్ లిబర్టీ ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్’ స్టేషన్లో. పేరు మొత్తం చదివాకే కాలు కింద పెట్టండి.

న్యూయార్క్ సబ్‌వే 24 గంటలూ నడుస్తుంది. న్యూజెర్సీ రైళ్లు అలా కాదు. అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు ఉండవు. మీ తేదీకి చివరి రైలు ఎన్నింటికో ముందే చూసి రాసుకోండి. అది తప్పితే ఎక్కాల్సిన క్యాబ్ కోసం వంద, నూటయాభై డాలర్లు విడిగా పెట్టుకోండి. ఖర్చు కాకపోతే మంచిదే.

గది రెండో ఎయిర్‌పోర్ట్ దగ్గరే బుక్ చేయండి. కొన్ని హోటళ్లు 21 ఏళ్లు నిండనివారికి గది ఇవ్వవు. డిపాజిట్‌కు ఫోరెక్స్ కార్డు తీసుకుంటారో లేదో కూడా ముందే మెయిల్ చేసి అడగండి. హోటల్ షటిల్ రాత్రి ఎన్నింటిదాకా తిరుగుతుందో కనుక్కోండి. అర్ధరాత్రి దాటాక వస్తానని చెప్పి ఉంచండి. లేదంటే రానివాడి కింద లెక్కగట్టి గది ఇంకొకరికి ఇచ్చేయొచ్చు.

అనుకున్నట్టే మావాడి విమానం రెండు గంటలు లేటు. సాయంత్రం ఆరున్నరకు దిగాల్సినవాడు ఎనిమిదీ నలభైకి దిగాడు. హోటల్ చేరేసరికి ఒంటిగంటన్నర. మూడు గంటలు పడుకున్నాడు. అయిదుంబావుకు కౌంటర్ ముందు నిలబడి ‘‘లగేజీ ఇచ్చేశానన్నా’’ అని మెసేజ్ పెట్టాడు. అదే ఆలస్యం పొద్దున జరిగి ఉంటే? వాడి కథా నా కథలాగే ఉండేది.

లండన్ అయితే వీసా మాట మరవొద్దు

ఎఫ్-1 వీసాతో అమెరికాలో దిగాక ఎయిర్‌పోర్ట్ మారడానికి అనుమతి అక్కర్లేదు. ఇదే పని లండన్‌లో చేయాలంటే కథ వేరు. హీత్రూలో దిగి గాట్విక్‌లో ఎక్కాలంటే బ్రిటన్ సరిహద్దు దాటి బయటికి రావాలి. భారత పాస్‌పోర్ట్‌కు అందుకు ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికా, కెనడా లాంటి దేశాల వీసా ఉన్నవారికి కొన్ని షరతులతో మినహాయింపు ఉంటుంది. మర్నాడు అర్ధరాత్రిలోపు దేశం విడిచి వెళ్లాలన్నది అందులో ఒకటి. అయినా చివరి మాట అక్కడి అధికారిదే. టికెట్ కొనేముందే బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో చూసుకోండి. లేదంటే మిమ్మల్ని ఆపేది లండన్‌లో కాదు, శంషాబాద్ కౌంటర్లోనే.

ఫ్లైట్ ఎక్కని వాళ్లకూ ఇదే సూత్రం

‘మేం ఇప్పట్లో అమెరికా వెళ్లం, ఉద్యోగం వెతుక్కుంటున్నాం’ అంటారా? మీకే ఇది ఎక్కువ అవసరం. ముంబయిలోనూ 2025 డిసెంబరు నుంచి రెండో విమానాశ్రయం నడుస్తోంది. గోవాలోనూ దబోలిం, మోపా రెండున్నాయి. కంపెనీ పంపిన టికెట్‌లో ఊరి పేరు చూసి ఊరుకోకుండా మూడక్షరాల కోడ్ చదవండి.

విమానం దాకా ఎందుకు? ఊళ్లో రాత్రి రైలెక్కి తెల్లవారి సికింద్రాబాద్‌లో దిగి, తొమ్మిదింటికి గచ్చిబౌలిలో ఇంటర్వ్యూకు హాజరవ్వాలనుకునేవాళ్లు మనలో ఎంతమంది! రైలు గంట లేటైతే, పైన ట్రాఫిక్ తోడైతే, చెమటలు కక్కుతూ గేటు దగ్గర సెక్యూరిటీతో బతిమాలుకోవడమే. ముందు రోజు సాయంత్రమే నగరం దాటి, ఇంటర్వ్యూ జరిగే చోటికి నడిచి వెళ్లేంత దూరంలో స్నేహితుడి గదిలో చాప మీద పడుకున్నా చాలు. నిద్ర సరిగా పట్టకపోవచ్చు. సమయానికి మాత్రం లోపల ఉంటారు.

మావాడు అక్కడ సెటిలయ్యాక వాళ్ల నాన్న నాకు ఫోన్ చేశారు. ‘‘ఆ తొమ్మిది వేలకు ఆశపడకుండా ఉండాల్సింది బాబూ’’ అన్నారు. తప్పు ఆయనది కాదు. టికెట్ మీద ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ కోడ్ చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈసారి టికెట్ చేతికొస్తే ముందు ఆ చిన్న అక్షరాలు చదవండి.