జానెడు బొమ్మ - బారెడు బేరము

జగిత్యాలలో పంతులుపని చేసికొను మేము గత మాసమున కోరుట్లలో నొక మిత్రుని గృహప్రవేశమునకు పోయితిమి. ఆయన కుమారుడు గల్ఫు దేశమున పదునైదేండ్లు కష్టించి పంపిన ధనముతో కట్టిన యిల్లది. భోజనములైన పిదప చదువుకొన్న పెద్దలు పదిమంది ముందరి గదిలో కూర్చుండియుండగా, ఒక యువకుడు తన సెల్‌ఫోనులో నొక చిత్రమును చూపెను. తోట వైకుంఠముగారు జానెడు కాగితముపై గీసిన రంగుల బొమ్మ అమ్మకమునకు వచ్చినదట. నల్లని మేనిచాయ, నుదుట పెద్దబొట్టు, ముక్కున ముక్కెర, ఎఱ్ఱని చీర, పచ్చని రవికె గల యొక తెలంగాణపు స్త్రీ. "అచ్చం మా అవ్వ లెక్కనే ఉన్నది" అని ఒకరు ముచ్చటపడిరి. ఆ యువకుడు ధర చెప్పెను. "గింత కాగితానికి గన్ని పైసలా!" అని సభ యంతయు నొక్కసారిగా నవ్వెను.

ఆ నవ్వును గుఱించియే మేము వ్రాయుచున్నాము.

బట్టను మూరలతో కొలుతుము. భూమిని గుంటలతో కొలుతుము. బొమ్మను కూడ జానలతో కొలువవలెనని మనకు చెప్పినవారెవరు? చిటికెన వ్రేలి యుంగరమును చూచి "ఇంత చిన్నదానికింత ధరయా" యని నవ్వినవారిని మేము చూడలేదు. ఆ గదిలోనే నాలుగడుగుల పొడవున నొక జలపాతపు పటము, లోపల దీపము వెలుగునది, వ్రేలాడుచుండెను. ఏ దేశపు జలపాతమో, ఏ యంత్రము అచ్చువేసినదో ఇంటివారికే తెలియదు. దాని ధర యెవరును అడుగలేదు. ఒక్కదినముండి మఱునాడు చించివేయబడు ఫ్లెక్సీకి పెట్టిన వ్యయమును గుఱించియు ఎవరును నవ్వలేదు. అంతయేల? 1961లోనే చట్టము నిషేధించిన వరకట్నమును లక్షలలో లెక్కించునప్పుడు, ఆ ధర అన్యాయమని నవ్వెడి సభ మన ప్రాంతమున నెక్కడ కూడినది?

ఆ బొమ్మ గీసినవారు పరదేశీయులు కారు. వైకుంఠముగారు 1942లో వేములవాడ ప్రాంతపు బూరుగుపల్లెలో జన్మించిరి. హైదరాబాదు లలితకళల కళాశాలలో చదివి, బరోడాలో కె. జి. సుబ్రమణ్యన్ గారియొద్ద శిక్షణ పొందిరి. 1988 నాటి 'దాసి' చలనచిత్రమునకు కళాదర్శకత్వము వహించి జాతీయ పురస్కారము నందుకొనిరి. వారి స్త్రీలు పురాణకాంతలు కారు. సోమవారమునాడు రాజన్న గుడి మెట్లయొద్దను, సిరిసిల్ల బస్సు నిలుచుచోటను మనకెదురగు స్త్రీలే. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ, ఈ ముదురురంగులను వారు మన పల్లెనుండియే తీసికొనిరి. మన యూరి స్త్రీ నేడు ఢిల్లీ, బొంబాయి నగరములందలి ధనికుల గోడలపై గౌరవముతో నున్నది. పుట్టినింట మాత్రము ఆమెకొక మేకు కొట్టు చోటు లేకపోయినది.

"మాకు చిత్రకళ తెలియదు, ఏమి చూడవలెనో ఎఱుగము" అని కొందఱందురు. ఈ వినయము నిజమైనది కాదు. తంగేడు పసుపు ప్రక్కన రంగద్దిన గునుగు నెట్లు పేర్చవలెనో మన తల్లులకు ఏ కళాశాల నేర్పినది? చీర యొడలికి ఏ యంచు తగునో సిరిసిల్ల నేతగాని కెవరు చెప్పిరి? విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము కళలలో చిత్రమే శ్రేష్ఠమని చెప్పి, గృహములలో శృంగార హాస్య శాంత రసముల చిత్రములే యుండవలెననియు, ఇతర రసములకు దేవాలయములు, రాజసభలు తగుననియు విధించినది. అనగా ఇంట చిత్రముండుట ఆ గ్రంథకర్తకు వింత కాదు. చూచు కన్ను మన జాతికి లేకపోలేదు. పట్టా పుచ్చుకొన్న మనమే దానిని మూసికొంటిమి.

"మేము ధనికులమా?" అనునది రెండవ యాక్షేపణ. దీనిలో సత్యమున్నది. పేరుగన్న చిత్రకారుని బొమ్మ పంతులు జీతమునకు లొంగదు, మాకును లొంగదు. కాని మన యిండ్లకు బొమ్మను తేవలెనని యత్నించినవారు లేకపోలేదు. 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయము స్థాపించి తన దేవతాచిత్రములను సామాన్యుల గోడలకు చేర్చెను. బంగాళమున జామినీరాయ్ తన బొమ్మలు మధ్యతరగతి యిండ్లలో నుండవలెనని కోరి, స్వల్పమూల్యమునకే అమ్మెను. చిన్నబొమ్మ మనవంటివారి కొఱకే పుట్టినది. దాని చిన్నతనము లోపము కాదు, మనపై దయ. నేడు పేరుగన్న ప్రతి చిత్రకారుడును ఒకనాడు పేరులేనివాడే. ఆనాడు వానియొద్ద కొన్నవాడే రసికుడు.

మూడవవారు మిక్కిలి తెలివిగలవారు. "కొనెదము గాని, పదేండ్లకు ధర పెరుగునా?" అని వారడుగుదురు. పెరిగినచో ఆ లాభమెవరిది? కొన్నవానిది. గీసినవానికి దక్కునది సాధారణముగా మొదటి యమ్మకపు సొమ్మే. 1957 నాటి కాపీరైటు చట్టమును 1994లో సవరించి, మూలచిత్రము మరల పదివేల రూపాయలకు మించిన ధర కమ్ముడైనచో చిత్రకారునికి వాటా హక్కు కల్పించిరి. ఆ వాటా నూటికి పది మించరాదనిరి. ఫ్రాన్సు దేశము ఇట్టి హక్కును 1920లోనే యిచ్చినది. కాని చేతులు మారిన ప్రతి బొమ్మ వెంటను చిత్రకారుడు పరుగెత్తగలడా? కనుక మొదటి యమ్మకమునందు మనము తగ్గించు ప్రతి రూపాయియు వాని యన్నములోనుండి తీసినదే. కూరగాయల బుట్టయొద్ద ముసలమ్మతో బేరమాడుట నీచమని బిడ్డలకు బోధించు మనము, చిత్రకారునియొద్ద అదే బేరమును లౌక్యమని తలచుచున్నాము.

ఇతరులను నిందించి మేము తప్పించుకొనజాలము. పూర్వము సిరిసిల్లలో పనిచేయుచున్నప్పుడు మా తరగతిలో నొక మరమగ్గపు కార్మికుని కుమారుడుండెను. లెక్కల పుస్తకపు అంచులనిండ మగ్గములు, నూలుకండెలు, తల్లి ముఖము గీసెడివాడు. ఒకనాడు తండ్రి వచ్చి, "సారూ, బొమ్మలు గీస్తే బువ్వ దొరుకుతదా?" అని యడిగెను. "దొరకదు" అంటిమి. బాలుడు గీయుట మానెను. మేము చెప్పినది అబద్ధము కాదు. అయితే దానిని నిజము చేసినవారు మావంటి కొనని చదువరులే. కోరుట్లలో వినబడిన నవ్వు, ఇరువదేండ్ల క్రిందట మేమన్న ఆ ఒక్క మాటయు వేఱుకావు.

వాడిప్పుడొక ఫ్లెక్సీ దుకాణమున నాయకుల ముఖములు అతికించుచున్నాడు. కోరుట్లనుండి వచ్చిన వారమునకు మేమచ్చటికి పోయి, వాని తల్లి బొమ్మను రంగులతో గీసియిమ్మంటిమి. "మీ దగ్గర పైసలేంది సారూ" అని సిగ్గుపడెను. ధర చెప్పనిదే తీసికొనమంటిమి. చెప్పెను, బేరమాడలేదు. వాడు గీసినది జానెడు కాగితమే. చేయి కొంత మొద్దుబాఱినది, చీర మడతలు కుదురలేదు. కన్నులు మాత్రము ఆమెవే. మా పిల్లలకు అందు ఎత్తున దానిని వ్రేలాడదీసితిమి. క్రింద వాని పేరు వ్రాయించితిమి.

గృహస్థులారా! వచ్చు శుభకార్యమునకు ఒక్క ఫ్లెక్సీ తగ్గించుడు. మీ తాలూకాలో గీయుచున్న పిల్లవానినో పిల్లనో వెదకి, ఒక్క చిన్నబొమ్మ కొనుడు. ధర యడుగుడు, తప్పులేదు. విని నవ్వకుడు. మీ నవ్వును విని గీయుట మానుకొను బిడ్డ ఆ గదిలోనే యుండవచ్చును.