కేంద్ర గ్రాంటు లెక్క గ్రామసభకు చేరేదెప్పుడు?

పంచాయతీ ఆడిట్ ఒక్క సర్పంచ్ తలనొప్పి కాదు. ఊరి మంచినీటి వ్యవహారం

ఎడ్లపాడు: పంచాయతీకి ఢిల్లీ నుంచి వచ్చిన గ్రాంటు ఎంత, ఖర్చయినదెంత, మిగిలినదెంత అని ఏ ఊరి రచ్చబండ మీద అడిగినా ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెబుతారు. పాలకవర్గం తినేసిందని ఒకరు, పైవారే లాగేసుకున్నారని మరొకరు, అసలు డబ్బు రానే లేదని ఇంకొకరు అంటారు. ఈ మూడింటిలో నిజమేదో తేల్చగల కాగితం ఒకటి కలదు. అదే ఆడిట్ నివేదిక. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక గ్రామసభ ముందు పెట్టి చర్చించాలి. కాని గ్రామసభకు వెళ్లి ఆ నివేదిక చదవమని అడిగినవారు ఊరికి ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అడగనివారికి ఎవరూ పిలిచి చెప్పరన్నది అందరికీ తెలిసిన సంగతే.

గ్రాంటు ఎక్కడి నుంచి వస్తున్నది?

కేంద్రం వసూలు చేసే పన్నులలో రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఎంత పంచాలో చెప్పడానికి అయిదేళ్లకొకసారి ఆర్థిక సంఘాన్ని నియమిస్తారు. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చిన తర్వాత పంచాయతీలకు కూడా ఈ సంఘం ద్వారా సొమ్ము అందుతున్నది. 2015-20 కాలానికి డాక్టర్ వై.వి. రెడ్డి అధ్యక్షతన పనిచేసిన 14వ ఆర్థిక సంఘం మండల, జిల్లా పరిషత్తులను పక్కన పెట్టి మొత్తం గ్రాంటును గ్రామ పంచాయతీలకే ఇవ్వాలన్నది. దేశం మొత్తం మీద ఆ అయిదేళ్లకు సిఫారసు చేసిన మొత్తం 2 లక్షల కోట్ల రూపాయల పైచిలుకు. ఆ తర్వాత ఎన్.కె. సింగ్ అధ్యక్షతన ఏర్పడిన 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసి, మూడంచెల వారికీ వాటా పెట్టింది. 2026 ఏప్రిల్ నుంచి 2031 మార్చి వరకు కాలం అరవింద్ పనగారియా అధ్యక్షతన గల 16వ సంఘానిది.

కాగా ఈ సొమ్ము ఎవరి దయాదాక్షిణ్యాల మీద వచ్చేది కాదన్న విషయం గ్రామస్థులు గుర్తించవలసి ఉన్నది. అగ్గిపెట్టె కొన్నా, అరకకు ఇనుప సామాను కొన్నా, మిరప తోటకు మందు కొన్నా కట్టిన పన్నులో ఒక భాగమే తిరిగి ఊరికి వస్తున్నది. తన సొమ్ముకు తాను లెక్క అడగడం తగవు పెట్టుకోవడం కాజాలదు.

పది లక్షలు వస్తే ఎలా పంచాలి?

15వ సంఘం గ్రాంటును ఇష్టం వచ్చినట్లు వాడరాదు. నూటికి 60 వంతులు కట్టుబాటు గల నిధి. అందులో సగం పారిశుధ్యానికి, మిగతా సగం మంచినీటికి వాడాలి. తక్కిన 40 వంతులు ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. అయితే జీతాలకు, కార్యాలయ నిర్వహణకు అందులో నుంచి తీయరాదన్న నిబంధన కలదు. ఉదాహరణకు ఒక పంచాయతీకి ఏడాదికి 10 లక్షలు వచ్చాయనుకుంటే 3 లక్షలు మురుగు కాలువలు, చెత్త తొలగింపు వంటి పనులకు, మరో 3 లక్షలు మంచినీటికి, 4 లక్షలు ఇతర పనులకు వెళ్లాలి. ఈ చిన్న లెక్క తెలిస్తే గ్రామసభలో సగం ప్రశ్నలు వాటంతటవే పుట్టుకొస్తాయి. మంచినీటి వాటాతో సిమెంటు రోడ్డు వేస్తే, రోడ్డు బాగున్నప్పటికీ ఆడిట్ అభ్యంతరం తప్పదు.

పల్నాటి పల్లెలలో సాగర్ కుడికాలువ నీటితో తాగునీటి చెరువులు నింపుకొని వేసవి గట్టెక్కడం ఆనవాయితీ. కాలువ కట్టేసిన నాటి నుంచి మళ్లీ వదిలే వరకు బిందె నీటికి ఎంత అగచాట్లో ఆడవారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఎడ్లపాడు వంటి జాతీయ రహదారి పక్క ఊళ్లకు మరో ఇబ్బంది కూడా ఉంటుంది. రోడ్డు ఎత్తు, ఊరు పల్లం అయినచోట వాననీరు, మురుగు పోయే దారి వెతకాలి. గ్రాంటులో నీటికి, పారిశుధ్యానికి అంత పెద్ద వాటా కేటాయించడంలో గల అర్థం ఇటువంటి ఊళ్లకు బాగా బోధపడుతుంది.

అడిగేవారు లేని రెండున్నర ఏళ్లు

రాష్ట్రంలో గ్రామ పంచాయతీ పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో, నాలుగు విడతలుగా. నడుమ రెండున్నర సంవత్సరాలు ప్రత్యేకాధికారులే పాలన సాగించారు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర గ్రాంటు ఇవ్వరాదన్నది ఆర్థిక సంఘాల నిబంధన. ఎన్నికలు వాయిదా పడితే పోయేది సర్పంచ్ కుర్చీ ఒక్కటే కాదు, ఊరి సొమ్ము కూడా అన్న పాఠం ఆనాడు అందరికీ అర్థమైంది.

కొత్త సర్పంచులు వచ్చిన ఏడాదిలోనే మరో చిక్కు ఎదురైంది. 2021 చివరి నెలల్లో పంచాయతీ ఖాతాలలోని ఆర్థిక సంఘం నిధులను వీధి దీపాలు, నీటి మోటార్ల విద్యుత్ బకాయిల కింద రాష్ట్ర ప్రభుత్వం సర్దుబాటు చేయడంతో రాష్ట్రమంతటా సర్పంచులు ఆందోళనకు దిగారు. పార్టీలతో నిమిత్తం లేకుండా ఆందోళన జరగడం గమనార్హం. తమ తీర్మానం లేకుండా, తమ సంతకం లేకుండా తమ ఖాతా ఎలా ఖాళీ చేశారని వారి ప్రశ్న. కరెంటు వాడుకున్న తర్వాత బకాయి కట్టక తప్పదు గదా అన్నది ప్రభుత్వ పక్షం వాదన.

రెండు మాటలనూ తూకం వేసి చూడాలి. కరెంటు వాడితే బిల్లు కట్టవలసిందే, అందులో వివాదం లేదు. అయితే బిల్లు ఎన్ని దీపాలది, ఎన్ని మోటార్లది, మీటరు ప్రకారం వేసిందా, అంచనాగా వేసిందా అని సరిచూసుకునే అవకాశం కట్టేవారికి ఉండాలి. ఇంటి బిల్లు ఎక్కువ వస్తే విద్యుత్ కార్యాలయానికి వెళ్లి రీడింగు చూపించమని అడుగుతాము. ఊరి బిల్లుకు ఆ హక్కు లేకపోతుందా? పైగా ఇటువంటి సర్దుబాటులో మరో చిక్కు కలదు. పంచాయతీ పుస్తకంలో ‘విద్యుత్ చార్జీల చెల్లింపు’ అని ఒక పద్దు పడుతుంది. కాగితం మీద లెక్క సరిపోతుంది. మురుగు కాలువ మాత్రం తవ్వకుండానే మిగిలిపోతుంది. కూడిక సరిపోయినంత మాత్రాన ఊరికి న్యాయం జరిగిందనుకోవడం పొరపాటు.

ఆడిటర్ చూసేదేమిటి?

రాజ్యాంగంలోని 243-జె అధికరణం పంచాయతీ లెక్కల నిర్వహణకు, ఆడిట్‌కు శాసనసభ చట్టం చేయవచ్చునని చెబుతున్నది. మన రాష్ట్రంలో ఆ పని రాష్ట్ర ఆడిట్ శాఖది. పాతకాలం వారు దీనినే లోకల్ ఫండ్ ఆడిట్ అంటారు. 1989 నాటి రాష్ట్ర ఆడిట్ చట్టం ప్రకారం ఈ శాఖ పనిచేస్తున్నది. ఆడిటర్ ముందుగా క్యాష్ బుక్కు, బ్యాంకు ఖాతా సరిపోయాయా అని చూస్తారు. తర్వాత ప్రతి ఖర్చుకూ తీర్మానం ఉన్నదా, అంచనా ఉన్నదా, ఓచరు ఉన్నదా, ఇంజనీరు కొలతల పుస్తకంలో రాసిన కొలత ఉన్నదా అని వరుసగా అడుగుతారు. లేనిచోట అభ్యంతరం రాస్తారు. వాటినే ఆడిట్ పేరాలు అంటారు. బాధ్యుల వలన పంచాయతీకి నష్టం వాటిల్లినట్లు తేలితే ఆ సొమ్మును వారి నుంచే రాబట్టడానికి సర్‌చార్జి అనే అస్త్రం చట్టంలో కలదు.

అయితే ఆడిటర్ చేతిలో ఉండేది కాగితం. బ్లీచింగు పౌడరు 20 బస్తాలు కొన్నట్లు ఓచరు ఉంటే ఆయన లెక్కకు సరిపోతుంది. ఆ పౌడరు ఏ వీధిలో చల్లారో, అసలు చల్లారో లేదో తెలిసినది ఆ వీధివారికి. కొత్త బల్బులు 50 వేసినట్లు పుస్తకంలో ఉండవచ్చు. రాత్రి పూట నడిచి లెక్కపెట్టగలిగినది ఊరివారే. కాబట్టి ఆడిటర్ కాగితాన్ని, గ్రామస్థుడు నేలను చూస్తేనే తనిఖీ పూర్తి అవుతుంది. ఒక్కరే చూస్తే సగం చూసినట్లే.

లెక్క ఆలస్యమైతే నష్టం ఎవరికి?

2020 ఏప్రిల్‌లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఈ-గ్రామ్ స్వరాజ్, ఆడిట్ ఆన్‌లైన్ అనే రెండు విధానాలు ప్రవేశపెట్టింది. మొదటిదానిలో పంచాయతీ ప్రణాళిక, రాబడి, ఖర్చు నమోదవుతాయి. రెండవదానిలో ఆడిట్ నమోదవుతుంది. 15వ సంఘం దీనికి గట్టి షరతు జోడించింది. క్రితం సంవత్సరం తాత్కాలిక లెక్కలు, అంతకు ముందు సంవత్సరం ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో ఉంచాలి. మొదటి రెండేళ్లు రాష్ట్రంలో కనీసం నూటికి 25 స్థానిక సంస్థలు ఇలా ఉంచితే చాలునన్నారు. 2023-24 నుంచి ఆ సడలింపు పోయి, లెక్కలు ఉంచిన సంస్థలకే గ్రాంటు అన్నారు.

దీని పర్యవసానం గ్రామస్థులు గమనించాలి. కార్యదర్శి లెక్క రాయడంలో జాప్యం చేసినా, ఆడిట్ సకాలంలో జరగకపోయినా శిక్ష పడేది ఊరికే. ఆగిపోయేది మంచినీటి పైపు, పూడిక తీయవలసిన కాలువ. అందుచేత ‘మన పంచాయతీ లెక్క ఆన్‌లైన్‌లో ఎక్కిందా?’ అన్న ప్రశ్న, ‘ఈ ఏడు కాలువకు నీరు ఎప్పుడు వదులుతారు?’ అన్న ప్రశ్న అంత ముఖ్యమైనదనుటలో సందేహం లేదు.

గోడ మీద రాస్తే ఏమవుతుంది?

లెక్కను బయట పెట్టినంత మాత్రాన ఏమి ఒరుగుతుందని పెదవి విరిచేవారు ఉన్నారు. ఆఫ్రికాలోని ఉగాండాలో 1991-95 మధ్య ప్రభుత్వం బడులకు పంపిన గ్రాంటులో బడి గుమ్మం వరకు చేరినది నూటికి 13 వంతులేనని ఒక పరిశీలనలో తేలింది. ఆ తర్వాత ఏ ప్రాంతానికి ఎంత పంపిందీ ప్రభుత్వం పత్రికలలో ప్రకటించి, బడి గోడల మీద అతికించింది. కొన్నేళ్లకు చేరిక 80 వంతులు దాటింది. ప్రకటన ఒక్కటే కారణం కాదని వాదించిన పండితులు లేకపోలేదు గాని, అది మేలు చేసిందనే ఎక్కువమంది అభిప్రాయం.

అంత దూరం పోనక్కరలేదు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు పల్లె జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి, పనుల మస్టర్లను, బిల్లులను అందరి ముందు చదివించడం ప్రారంభించారు. చనిపోయినవారి పేర కూలీ, కట్టని కట్టడాలకు బిల్లు వంటివి అటువంటి సభలలోనే బయటపడ్డాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టానికి ఆ ఉద్యమమే బీజం వేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ మొదలై దేశానికి దారి చూపింది. ఇంటింటికీ తిరిగి కూలీ అందిందా అని అడగడం, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి తేలినవి చదవడం పల్లెవాసులకు కొత్త కాదు. ఉపాధి కూలీకి పనికివచ్చిన ఆ పద్ధతి ఆర్థిక సంఘం గ్రాంటుకు పనికిరాదని ఎవరు అనగలరు?

గ్రామస్థులు చేయదగినది

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో ఒకే రోజు 13,326 పంచాయతీలలో గ్రామసభలు జరిపి పనులు ఎంపిక చేశారు. పనులు కోరుకోవడానికి సభ పెట్టడం హర్షణీయం. అయిన పనులకు లెక్క చెప్పడానికి కూడా అదే ఉత్సాహంతో సభ జరగవలసి ఉన్నది.

సభకు వెళ్లేవారు నాలుగు ప్రశ్నలు వెంట తీసుకుపోతే చాలు. నిరుడు ఆర్థిక సంఘం గ్రాంటు ఎంత వచ్చింది? నీటికి, పారిశుధ్యానికి, ఇతరాలకు ఎంతెంత ఖర్చయింది? విద్యుత్ బకాయికి ఎంత పోయింది, దానికి తీర్మానం ఉన్నదా? ఆఖరి ఆడిట్‌లో ఎన్ని అభ్యంతరాలు రాశారు, ఎన్నింటికి జవాబు పంపారు?

సభలో జవాబు దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉన్నది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. చేతిలో ఫోను ఉన్న కుర్రవారు ఈ-గ్రామ్ స్వరాజ్‌లో జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకొని ఊరి పద్దులు చూడవచ్చు. పాత సంవత్సరాల లెక్క అడిగేవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడక మునుపు ఎడ్లపాడు మండలం గుంటూరు జిల్లాలో ఉండేది.

నిజాయితీగా పనిచేసే సర్పంచ్‌కు ఆడిట్ వలన వచ్చే నష్టం లేదు సరికదా, మేలే కలుగుతుంది. డబ్బు రాలేదన్నది నిజమైతే రాలేదని, పైనుంచి తీసుకున్నారన్నది నిజమైతే తీసుకున్నారని ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది. ఊరికే నింద మోయవలసిన అవసరం ఉండదు. తప్పు చేసినవారికి మాత్రమే ఆ కాగితమంటే భయం. కావున ఆడిట్ నివేదికను బీరువాలో దాచక పంచాయతీ కార్యాలయం గోడకు అతికించేటట్లు అధికారులు తగు ఉత్తర్వులు జారీ చేయడం అవసరం. ఉత్తర్వులు వచ్చే వరకు వేచి ఉండకుండా, వచ్చే గ్రామసభలోనే ఆ నివేదికను పైకి చదవమని అడగడం గ్రామస్థుల విధి. ఆ రోజు సభకు పదిమంది వెళితే సంతకాల పుస్తకం నిండుతుంది. వందమంది వెళితే లెక్క బయటకు వస్తుంది.