స్కాలర్‌షిప్ ఎవడి దయ కాదు

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చినయంటె చాలు, గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, రామగుండం వాడల్ల ప్రైవేటు కాలేజీల మనుషులు తిరుగుడు మొదలయితది. "మీరు ఒక్క రూపాయి కట్టే పనిలేదు, అంతా సర్కారే కడ్తది" అని సీటు అంటగడ్తరు. కోర్సు అయిపోయినంక అదే కాలేజి "సర్కారు పైసలియ్యలేదు, మీరు కడితెనే సర్టిఫికెట్లు" అంటది. ఈ రెండు మాటల నడుమ మన పిల్లల చదువు నలుగుతున్నది. పొరపాటు పిల్లలది కాదు, తల్లిదండ్రులది కాదు. కాని ఈ స్కాలర్‌షిప్ ఏంది, ఎట్ల వస్తది, ఎక్కడ ఆగుతది అన్న సంగతి మన వాడల్ల చాలామందికి ఎవరూ చెప్పలేదు.

ముందు అది ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1942లో బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడయ్యిండు. 1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గు గనులకు పోయి, బాయిలకు దిగి కార్మికుల బతుకు కండ్లార చూసిండు. 1944 జనవరిలో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్సు వచ్చింది. ఆయన పట్టుబట్టి అడిగితె అదే ఏడాది అంటరాని కులాల పిల్లల పై చదువులకు స్కాలర్‌షిప్ మొదలయింది. ఏడాదికి మొత్తం 3 లక్షల రూపాయలు. అంటే బొగ్గుబాయి కార్మికునికి సంక్షేమ నిధి, మాల మాదిగ నేతకాని పిల్లలకు కాలేజి స్కాలర్‌షిప్ ఒక్క మనిషి చేతుల మీదుగ, ఒక్క ఏడాదిల వచ్చినయి. ఎమ్మెల్యే ఇచ్చిండు, మంత్రి ఇచ్చిండు అని ఫ్లెక్సీలు కట్టెటోళ్లు ఈ సంగతి చదువుకుంటె మంచిది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మనకు రావలసినవి రెండు రకాల పైసలు. ఒకటి కాలేజి ఫీజు, రెండోది పిల్లల ఖర్చులకిచ్చేది. 2008లో ఉమ్మడి రాష్ట్రంల ఫీజు రీయింబర్స్‌మెంటు మొదలయినంక కాలేజి ఫీజు ముచ్చటే పెద్దదయింది, పిల్లల చేతికొచ్చే పైసలను అందరూ మరిచిండ్రు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం ఇంటి నుంచి పోయి ఇంటర్ చదివే పిల్లకు ఏడాదికి 2,500 రూపాయలు. పది నెలలకు పంచితె నెలకు 250. గోదావరిఖని నుంచి పెద్దపల్లికి బస్సుల పోయొచ్చే పిల్లకు ఇది ఎన్ని దినాలు సరిపోతదో మీరే లెక్క కట్టుండ్రి. ఈ పథకంల ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు భరించాలె. తన పాలును నేరుగా విద్యార్థి ఖాతాలనే వేస్తనని కేంద్రం చెప్పింది. అందుకే ఆధార్‌తో జోడించిన బ్యాంకు ఖాతా లేకుంటె మంజూరయిన పైసలు గూడ రావు.

మన బెల్టుకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటున్నది. కేంద్ర నిబంధనల్ల తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటొద్దు. ఈ గీత 2013ల గీసింది, ఇప్పటికీ అక్కడనే ఉన్నది. నెలకు లెక్కేస్తే 20,833 రూపాయలు. పర్మినెంటు కార్మికుడు ఈ గీత ఎన్నడో దాటిండు, ఆయనను వదిలిపెడ్దాం. బాధంతా కాంట్రాక్టు కార్మికులది. భర్త ఓపెన్‌కాస్టుల కాంట్రాక్టు డ్రైవరు, భార్య క్వార్టర్ల కాడ స్వీపరు అయితే ఇద్దరివి కలిపి లెక్క కడ్తరు. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేసింది హైపవర్ కమిటీ వేతనాల కోసం. రేపు ఆ వేతనాలు వస్తే పిల్లల స్కాలర్‌షిప్ పోతది. కడుపునిండ జీతం అడిగితె చదువు ఊడిపోయే లెక్క ఏం లెక్క? సంఘాల నాయకులు వేతనాలతో పాటు ఈ గీత సంగతి గూడ మాట్లాడాలె. ఇంతవరకు ఆ మాట పెద్దగ వినబడలేదు.

బాయి నౌకరి కొడుకుకు వస్తదిలే అన్న ధీమా గూడ పోయింది. 1990ల మొదట్ల సింగరేణిల లక్ష దాటి ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు దిగిండ్రు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017ల హైకోర్టు కొట్టేసింది. చనిపోయినోళ్ల, మెడికల్ అన్‌ఫిట్ అయినోళ్ల ఇండ్లకు తప్ప ఆ తొవ్వ లేదు. కాలేజి తొవ్వ గూడ మూసుకపోతె మన పిల్లలకు మిగిలేది కాంట్రాక్టరు వాకిలే.

దరఖాస్తు ప్రతి ఏడు పెట్టాలె. మొదటి ఏడు పెట్టినం గదా అని రెండో ఏడు రెన్యువల్ మరిచినోళ్లు మన వాడల్ల మస్తుమంది. కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్ మీసేవల తీసుకోవాలె. కాంట్రాక్టరు జీతం చిట్టీ ఇయ్యకపోతె తహసీల్దారు విచారణ చేసి ఆదాయ సర్టిఫికెట్ ఇయ్యాలె, అది ఆయన పని. పదో తరగతి మెమోల పేరు ఒక తీరు, ఆధార్‌ల ఒక తీరు ఉంటె దరఖాస్తు అక్కడనే ఆగుతది, కాబట్టి సెలవులల్లనే సరిచేయించుకోండ్రి. ఈపాస్‌ల దరఖాస్తు నింపుడుతో పని అయిపోదు. కాయితాలు కాలేజిల ఇయ్యాలె, వేలిముద్ర వెయ్యాలె, కాలేజి దాన్ని పై ఆఫీసుకు పంపాలె. పంపిందా లేదా అని మనమే అడగాలె. హాజరు 75 శాతం తగ్గొద్దు. దరఖాస్తు నంబరు గోడ మీద రాసి పెట్టుకున్నా తప్పు లేదు.

ఇగ సర్టిఫికెట్ల సంగతి. సర్కారు బకాయిలు నిజమే. 2025 నవంబరులో ఆ బకాయిల కోసమే రాష్ట్రమంత ప్రైవేటు కాలేజీలు తాళాలేసుకున్నయి. కాని సర్కారుకు కాలేజికి నడుమ ఉన్న బాకీకి మన బిడ్డ మెమోను కుదువ పెట్టుకునే హక్కు ఎవరిచ్చిండ్రు? డిగ్రీ, పీజీ కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపొద్దని యూజీసీ 2018లనే చెప్పింది. ఎస్సీ విద్యార్థి నుంచి ముందుగాల ఫీజు అడగకుండ సీటు ఇచ్చేటందుకు ఫ్రీషిప్ కార్డు ఇయ్యాలని 2021 కేంద్ర నిబంధనల్ల ఉన్నది. ఆ కార్డు మన వాడల్ల ఎంతమంది చూసిండ్రు?

ఒక్కొక్కరు పోతె గుమస్తా గూడ తలెత్తి చూడడు. వాడకు ఇద్దరు చదువుకున్న పిల్లలు కూసొని, ఎవరి దరఖాస్తు ఏ కాయితం కాడ ఆగిందో, ఏ కాలేజి ఎవరి సర్టిఫికెట్ ఆపిందో రాయుండ్రి. వచ్చే సంచిక లోపల ఆ జాబితాలు మాకు పంపుండ్రి. అన్నీ ఒక్కకాడ కలుపుకొని సోమవారం ప్రజావాణికి పెద్దపల్లి కలెక్టరేటుకు పోదాం. తల్లులు ముందుండాలె, పిల్లలు కాయితాలు పట్టుకోవాలె.