తల్లి రక్తమా, డాక్టరు చీటీయా?

పోయిన నెల మా కౌన్సిలింగ్ కేంద్రానికి ఒక కుటుంబం వచ్చింది. పెళ్ళయి రెండేళ్ళయిన కోడలికి కాన్పు తర్వాత మనసు చెదిరింది. మందులు వాడుతూ నెమ్మదిగా తేరుకుంటోంది. అత్తమామలు మాత్రం విడాకులే కావాలంటున్నారు. మామగారు చొక్కా జేబులోంచి మడత పెట్టిన పేపరు ముక్క ఒకటి తీసి నా బల్ల మీద పరిచారు. షుగరుకీ మానసిక వ్యాధులకీ జన్యువుల్లో చుట్టరికం ఉందని శాస్త్రవేత్తలు కనిపెట్టారన్నది అందులోని వార్త. "చూడండి మేడమ్, వీళ్ళమ్మకి షుగరు, ఈ అమ్మాయికి పిచ్చి. అంతా వాళ్ళ రక్తంలోనే ఉంది. మాకు చెప్పకుండా అంటగట్టారు" అన్నారాయన. ఆ అమ్మాయి తల్లి నేరం చేసినదానిలా తల దించుకుని కూర్చుంది.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఎందుకంటే ఆ రెండు జబ్బులతోనూ బతికి, నలభై ఎనిమిదేళ్ళకే చనిపోయిన మనిషి మా ఇంట్లోనే ఉంది. ఆమె మా అక్క. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ పేపరు ముక్క లాంటివి ఇక ముందు మన కేంద్రాలకు చాలా వస్తాయి. వాటిని కొట్టి పారేసినా ప్రమాదమే, తల వంచి నమ్మినా ప్రమాదమే.

ముందు శాస్త్రం ఏమంటోందో చూద్దాం. మధుమేహమూ మతి చలించడమూ కొన్ని కుటుంబాల్లో కలిసి కనిపిస్తాయని ఇంగ్లండు మానసిక వైద్యుడు హెన్రీ మాడ్స్‌లీ 1879లోనే రాశాడు. ఇప్పుడు లక్షల మంది జన్యువులను పక్కపక్కన పెట్టి పోల్చే పద్ధతులొచ్చాయి. అనొరెక్సియా అనే జబ్బు ఉంది. తిండి మానేసి మనిషి ఎముకల గూడయిపోయేదాకా తీసుకెళుతుంది, ఎక్కువగా ఆడపిల్లలకే వస్తుంది. 17 దేశాల నుంచి ఈ జబ్బున్న 16,992 మందిని పరీక్షించిన అధ్యయనం 2019లో అచ్చయింది. ఆ జబ్బుకు సంబంధించిన జన్యు భేదాలు మనసుకే కాక, శరీరం కొవ్వునూ ఇన్సులిన్‌నూ వాడుకునే తీరుకు కూడా సంబంధించినవేనని తేలింది. "సన్నగా ఉండాలన్న పిచ్చి" అనీ, "తల్లి పెంపకం లోపం" అనీ దశాబ్దాలుగా ఆ పిల్లల్నీ వాళ్ళ తల్లుల్నీ నిందించినవాళ్ళు ఇప్పుడేం చెబుతారు? అలాగే డిప్రెషన్‌కీ ఊబకాయానికీ మధ్య, మనం పీసీఓడీ అని పిలుచుకునే సమస్యకీ డిప్రెషన్‌కీ మధ్య కొంత జన్యు సంబంధం కనబడింది. కాబట్టి "మనసు వేరు, ఒళ్ళు వేరు" అనే పాత గోడ కూలుతోంది. ఇది మనం ఆహ్వానించాల్సిన విషయమే.

కానీ పేపరు ముక్కలో రానిది ఇంకొకటుంది. స్కిజోఫ్రేనియా విషయంలో ఊబకాయంతో ఉన్న జన్యు సంబంధం చాలా స్వల్పం, అదీ ఎక్కువగా వ్యతిరేక దిశలో ఉంది. అంటే స్కిజోఫ్రేనియా అవకాశం పెంచే జన్యు భేదాలు మొత్తంమీద బరువు కాస్త తగ్గే వైపే మొగ్గు చూపుతున్నాయి. మరి ఆ జబ్బుతో బతికే మన అక్కచెల్లెళ్ళకు ఇంత బరువు, ఇంత షుగరు ఎక్కడి నుంచి వస్తున్నాయి? మందు ఇంకా ముట్టనివాళ్ళలో కూడా కొందరికి గ్లూకోజులో తేడాలున్నట్టు అధ్యయనాలు చెబుతున్న మాట నిజమే. అయితే ఆ తర్వాత జరిగే దానిలో పెద్ద వాటా మందులది, పేదరికానిది, నిర్లక్ష్యానిది.

మా అక్క సంగతి చెబుతాను. 2005లో ఆమెకు స్కిజోఫ్రేనియా అన్నారు. ఓలాంజపిన్ మొదలుపెట్టారు. గొంతులు వినబడడం తగ్గింది, నిద్ర పట్టింది. ఆ మేలును నేను కాదనను. కానీ ఆరు నెలలకే అక్క, "ఆకలేస్తోందే, ఎంత తిన్నా తీరట్లేదు" అని ఏడ్చేది. నలభై ఎనిమిది కిలోల మనిషి డెబ్భై తొమ్మిదికి వచ్చింది. ఇంట్లో అందరం, నాతో సహా, "పనీ పాటా లేకుండా కూర్చుని తింటే ఇంతే" అన్నాం. మేం వెళ్ళిన ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె రక్తంలో చక్కెర చూడలేదు. బరువు కూడా తూయలేదు. చీటీ మీద అవే మందులు మళ్ళీ రాసి పంపేవారు. 2013లో కాలి పుండు మానకపోతే వేరే చోట చూపించాం. అప్పుడు బయటపడింది షుగరు. ఒంట్లో బాగాలేదని అక్క ఎప్పుడు చెప్పినా "అది మనసు జబ్బు, అలాగే అనిపిస్తుంది" అనేవారు. 2019లో గుండెపోటుతో పోయింది.

ఇది ఎవరికీ తెలియని సంగతా? ఈ తరహా మందులన్నిటి మీదా షుగరు గురించి హెచ్చరిక ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2003లోనే అడిగింది. మందు మొదలుపెట్టే ముందు, తర్వాత క్రమం తప్పకుండా బరువు, నడుం కొలత, బీపీ, పరగడుపు షుగరు, కొలెస్టరాల్ చూడాలని అక్కడి మధుమేహ, మానసిక వైద్య సంఘాలు 2004లో కలిసి చెప్పాయి. మా అక్కకు మందు మొదలుపెట్టింది ఆ మరుసటి సంవత్సరం! తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారు మిగతావారికన్నా పదీ ఇరవై ఏళ్ళు ముందుగా చనిపోతున్నారనీ, అందులో ఎక్కువ భాగం నివారించదగ్గ శారీరక జబ్బుల వల్లేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీన్ని జన్యువుల ఖాతాలో రాసేస్తే డాక్టరు చీటీకి బాధ్యత ఉండదు, మందుల కంపెనీకి బాధ్యత ఉండదు, ప్రభుత్వానికి అసలే ఉండదు. ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివి ఎవరూ మందులు ఆపేయకూడదు. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుంది. నేనడుగుతున్నది మందు మానమని కాదు, మందుతో పాటు పరీక్షలు చెయ్యమని.

వంశం మాట ఎత్తేవాళ్ళు ఆకలి మాట కూడా ఎత్తాలి. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం తిండి రాకుండా అడ్డుకోవడంతో నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతం కరువులో మాడిపోయింది. అప్పుడు కడుపులో ఉన్న పిల్లలను పెద్దయ్యాక పరిశీలిస్తే, వాళ్ళలో స్కిజోఫ్రేనియా ఎక్కువగా కనిపించింది. వేరే అధ్యయనంలో వాళ్ళ శరీరం చక్కెరను తట్టుకునే శక్తి కూడా తక్కువగా ఉందని తేలింది. చైనాలో 1959-61 కరువు తర్వాత కూడా స్కిజోఫ్రేనియా అలాగే పెరిగింది. రెండు జబ్బులూ కలిసి రావడానికి గర్భిణి కంచం ఖాళీగా ఉండడం కూడా ఒక కారణమన్నమాట. ఆ కంచం ఖాళీ చేసింది తల్లి కాదు, యుద్ధమూ ప్రభుత్వాలూ. అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తినే మన ఇళ్ళ ఆడవాళ్ళకు దీని అర్థం విడమరిచి చెప్పాలా?

అయినా నింద తల్లి మీదికే వస్తుంది. 1948లో స్కిజోఫ్రేనియాకు తల్లి ప్రవర్తనే మూలమన్న మాటను ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మాన్ వాడుకలోకి తెచ్చింది. 1949లో లియో కానర్ ఆటిజం పిల్లల తల్లిదండ్రుల చల్లదనం గురించి రాశాడు. ఆ తర్వాత ఆ ముద్ర తల్లులకే అంటుకుంది. నిన్న తల్లి పెంపకం, ఇవాళ తల్లి రక్తం. బిడ్డ జన్యువుల్లో సగం తండ్రివి కావా? ఆ రోజు నేను మామగారిని అడిగాను, "మీకు షుగరుందా అండీ?" అని. "పన్నెండేళ్ళుగా మాత్రలు వేసుకుంటున్నాను" అన్నారు. "అయితే మీ అబ్బాయి రక్తం సంగతేమిటి?" ఆయన పేపరు ముక్క మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరు ఉంది. దీన్నిబట్టి సంబంధాలు వెతకడం మొదలుపెడితే పెళ్ళిళ్ళే జరగవు. ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి స్కిజోఫ్రేనియా వచ్చినా, సగం పైగా సందర్భాల్లో రెండోవారికి రాదు. పైగా 2019 నాటి లెక్కల్లో ఇలాంటి జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 78 శాతం యూరపు సంతతి వాళ్ళే. వాళ్ళ లెక్కలతో మన పిల్ల జాతకం ఎలా చెబుతారు?

ఇక మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. మానసిక వ్యాధి అనగానే "అంతా పితృస్వామ్యమే, జీవశాస్త్రం మగవాళ్ళ కుట్ర" అని మన సభల్లో తేల్చేశాం. నేనూ అలాగే మాట్లాడాను. అందువల్లే అక్క ఒంటి గురించి నేను అడగలేదు. ఆమె ఏడుపులో అణచివేత వినబడింది కానీ, ఆకలి వినబడలేదు. నిజానికి శాస్త్రం మన వాదనకే బలం ఇస్తోంది. బ్రిటన్‌లో 2019లో అచ్చయిన ఒక అధ్యయనం చూడండి. ఒళ్ళు పెంచినా షుగరు ప్రమాదం పెంచని జన్యు భేదాలు ఉన్నవాళ్ళకు కూడా డిప్రెషన్ అవకాశం ఎక్కువైంది. అంటే ఒంట్లో రసాయనాలే కాక, లావుగా ఉన్న మనిషిని లోకం చూసే చూపు కూడా ఆ బాధలో భాగమై ఉండాలి. బరువుకీ డిప్రెషన్‌కీ ఉన్న ఆ లంకె ఆడవాళ్ళలో మరీ బలంగా కనబడింది.

చట్టం దగ్గరికొద్దాం. హిందూ వివాహ చట్టం 13వ సెక్షను మానసిక వ్యాధిని విడాకులకు కారణంగా ఒప్పుకుంటుంది. కానీ జబ్బు పేరు ఉంటే చాలదు, దాని తీవ్రత రుజువు కావాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో, తనూ డాక్టరే అయిన భార్యకు స్కిజోఫ్రేనియా అని విడాకులడిగిన డాక్టరు భర్తకు అది కుదరదంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జబ్బు ఉన్నంత మాత్రాన మతి స్థిమితం లేనట్టు కాదు. మందుల దుష్ఫలితాలు తెలుసుకోవడం రోగి హక్కు. శారీరక జబ్బులతో సమానంగా వైద్యమూ, బీమా పొందడం హక్కు. చికిత్స పేరుతో పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయడం నిషిద్ధం. ఈ సెక్షన్లు మన కార్యకర్తలకు నోటికి రావాలి.

ఇంకో ప్రమాదం తలుపు దగ్గరే ఉంది. షుగరు, స్కిజోఫ్రేనియా వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టి పిండాలను ఎంచిపెడతామని అమెరికాలో కంపెనీలు ఇప్పటికే అమ్ముకుంటున్నాయి. ఆడపిండాన్ని ఏరిపారేసే వ్యాపారాన్ని ఎదిరించి 1994 చట్టం దాకా పోరాడింది మనమే. "మేలైన బిడ్డ" పేరుతో ఆ వ్యాపారమే మళ్ళీ వస్తే, సూదులూ గర్భమూ నిందా మళ్ళీ ఆడదానివే అవుతాయి.

కనుక మనం అడగాల్సినవి ఇవి. మానసిక వైద్యం అందే ప్రతి చోటా ఆ అయిదు పరీక్షలూ ఉచితంగా చెయ్యాలి, ఫలితాలు రోగి చేతికివ్వాలి. బరువు పెరుగుతుంటే మందు మార్చడం గురించీ, మెట్‌ఫార్మిన్ లాంటి చవక మందు గురించీ డాక్టరు మాట్లాడాలి. షుగరు క్లినిక్కులో, పీసీఓడీకి వచ్చిన అమ్మాయి దగ్గర, మనసు ఎలా ఉందని అడగాలి. 1982 నుంచి ఉన్న మానసిక ఆరోగ్య కార్యక్రమమూ, 2010 నుంచి నడుస్తున్న షుగరు, బీపీల కార్యక్రమమూ గ్రామంలో ఒకే గదిలో కలవాలి. మన కౌన్సిలింగ్ ఫారాల్లో "ఏ మందులు వాడుతున్నారు, ఆఖరిసారి షుగరు ఎప్పుడు చూశారు" అన్న రెండు ప్రశ్నలు చేర్చాలి. మా కేంద్రంలో ఈ నెల నుంచి చేర్చాం.

ఆ అమ్మాయి కేసు ఇంకా తేలలేదు. ఆమెతో పాటు నేనూ వెళ్ళి షుగరు, బీపీ చూపించాను. బాగానే ఉన్నాయి. మూడు నెలలకోసారి చూపించుకోమని ఆమెకే పుస్తకంలో రాసిచ్చాం. అక్కకు ఆ పుస్తకం ఎవరూ ఇవ్వలేదు.