హెచ్చరించేది మన మేలుకే

ఆదివారం ఆరాధనకు ఇంటిల్లిపాదీ కారెక్కుతాం. తాళం తిప్పగానే ఇంజన్ బొమ్మతో పసుపు దీపం వెలుగుతుంది. ఇంజన్ స్టార్టయ్యాక అది ఆరిపోవాలి. ఆరలేదంటే కారులోని కంప్యూటర్ ఏదో లోపాన్ని కనిపెట్టిందన్నమాట. ‘బండి బాగానే నడుస్తోంది కదా’ అని సరిపెట్టుకుంటాం. అలా వారాలు గడిచిపోతాయి.

దీపం నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే కంగారు పడనక్కరలేదు. కానీ నాలుగైదు రోజుల్లో చూపించుకోవాలి. కొన్ని కార్లలో పెట్రోలు ట్యాంకు మూత సరిగా బిగించకపోయినా అది వెలుగుతుంది. అదే దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. సిలిండర్లో మండకుండా మిగిలిన పెట్రోలు పొగగొట్టం దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి, దాన్ని విపరీతంగా వేడెక్కించి పాడుచేస్తుంది. అది మార్చాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే వేగం తగ్గించి, క్షేమమైన చోట బండి ఆపి, మెకానిక్‌ను పిలవాలి. ఎర్రని ఆయిల్ దీపం వెలిగితే వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి.

మెకానిక్ స్కానర్ తగిలించి కోడ్ చదువుతాడు. పి0300 అని వస్తే సిలిండర్లలో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. తప్పు స్పార్క్ ప్లగ్గుదా, కాయిల్‌దా, ఇంజెక్టర్‌దా అన్నది అతను వెదికి తేల్చాలి. అంత ఓపిక లేక కొందరం కోడ్ చెరిపించి, దీపం ఆర్పించుకుని వచ్చేస్తాం. దీపం ఆరుతుంది, లోపం లోపలే ఉంటుంది. కొన్నాళ్లకు మళ్లీ వెలుగుతుంది.

తప్పును ఎత్తిచూపేవారి నోరు మూయించడం మనకు తేలిక. సరిదిద్దుకోవడమే కష్టం. వెనుక సీట్లో మన పిల్లలు కూర్చున్నారని గుర్తుంచుకుంటే, ఆ పసుపు దీపం మనకు విసుగు తెప్పించదు.