పాటకు కర్త యెవరు?

ఐరోపా ఖండమున గ్రీష్మము వచ్చినదనగా సెలవులు వచ్చినట్లే. జనులు సముద్రతీరములకు తరలిపోవుదురు. ఆ రెండు మాసములును ఎల్లవారి నోళ్లలో నానుటకు ఒక క్రొత్త పాట కావలెను. అది తనంతట పుట్టుదాక వర్తకులు ఊరకుందురా? తామే పుట్టింతురు. 1989వ సంవత్సరపు వేసవిలో ఫ్రాన్సుదేశమునుండి వెలువడి లోకమెల్ల చుట్టివచ్చిన "లంబాడా" యట్లు పుట్టింపబడిన పాటయే. పేరు విని మన తండాలలోని లంబాడీ స్త్రీల పాట యనుకొనరాదు. అది బ్రెజిలు దేశపు ఉత్తరప్రాంతమున ఆడు జంటనాట్యము పేరు. అక్షరసామ్యమే కాని చుట్టరికము లేదు.

ఒలివియే లోర్సాక్, జాన్ కరాకోస్ అను ఇద్దరు ఫ్రెంచి నిర్మాతలు బ్రెజిలులో ఆ నాట్యమును చూచి, స్వదేశమునకు మరలి, "కవోమా" యను మేళమును కూర్చిరి. పాడినది లోఅల్వా బ్రాజ్ అను బ్రెజిలు గాయని. టి.ఎఫ్. 1 అను టెలివిజను సంస్థ వేసవి పొడవునను దానిని మఱల మఱల చూపెను. ఒక నారింజ పానీయపు వర్తకులును చేయి కలిపిరి. సముద్రపుటొడ్డున ఇద్దరు పసివారు జంటగా నాడు చిత్రమొకటి. ఇక అకార్డియనుపై సాగు ఆ వరుస యొకమారు విన్నచో నాలుకను విడువదు. ఫ్రాన్సులో 12 వారములు అగ్రస్థానమున నిలిచినది. ఆ యేట లోకమున సుమారు 50 లక్షల ప్రతులు అమ్ముడుపోయినవని లెక్క.

రికార్డుపై కర్త పేరు "చికో డి ఒలివేరా" యని యుండెను. అది లోర్సాక్ పెట్టుకొన్న మాఱుపేరట!

ఆ వరుస నిజముగా బొలీవియా దేశపు "లోస్ కార్కాస్" మేళమువారిది. ఉలీసెస్, గొన్సాలో ఎర్మోసా అను సోదరులు దానిని కూర్చి 1981లో వెలువరించిరి. దాని పేరునకు "ఏడ్చుచు వెడలిపోయెను" అని యర్థము. పిల్లనగ్రోవులతో నెమ్మదిగా సాగు విరహగీతము. పిదప పెరూదేశపువారు అకార్డియను చేర్చి వేగము పెంచిరి. 1986లో మార్సియా ఫెరీరా యను బ్రెజిలు గాయని, కర్తల యనుమతి గైకొనియే, పోర్చుగీసు మాటలతో పాడినది. ఫ్రాన్సువారు వరుసను ఆ సోదరుల కడనుండి, మాటలను ఈ యాడుదాని కడనుండి, ఎవరి నడుగకయే తీసికొనిరి. ఇంతకును లోకమంతయు నవ్వుచు గంతులిడినది ఒక ఏడ్పుపాటకు!

మన క్షేత్రయ్య పదమున మువ్వగోపాలుడును, అన్నమాచార్యుల సంకీర్తనమున వేంకటేశ్వరుడును ముద్రగా నిలిచి, కర్త యెవరో తామే చెప్పుదురు. దంపుళ్లపాటలకు, లాలిపాటలకు ముద్రయు లేదు, కర్తయు తెలియడు. వానిని ఎవరు పాడుకొన్నను మాకు ఆక్షేపణ లేదు. ఎర్మోసా సోదరుల పాట యట్టిది కాదు. కొండదేశపు పాట యనగానే జానపదమనియు, జానపదమనగానే దిక్కులేనిదనియు తలచుటను మాత్రము మేము సహింపజాలము.

సోదరులు న్యాయస్థానము నాశ్రయించిరి. కర్తృత్వమును, సొమ్మును వారికి దక్కినవి. 2011లో జెన్నిఫర్ లోపెజ్ తన "ఆన్ ది ఫ్లోర్" పాటలో ఆ వరుసను వాడినపుడు కర్తల పట్టికలో ఆ సోదరు లిరువురి పేర్లును చేరినవి. ఉలీసెస్ అప్పటికి జీవించి లేడు.